సముద్రమును మరువని చేప

దేవుడు అయిదవ దినమున సృజించిన జలచరములలో సాల్మన్ చేప సంగతి మాకెప్పుడూ వింతగానే తోచును. ఉత్తర అమెరికా పడమటి తీరమున సాకై అను సాల్మన్ నదులలో పుట్టి, ఒకటి రెండేండ్లు సరస్సులో పెరిగి, సముద్రమునకు పోయి, గ్రుడ్లు పెట్టుటకు మరల పుట్టినచోటికే వచ్చును. అదే జాతిలో కొన్ని సముద్రము ముఖమే చూడవు. బ్రతుకంతా సరస్సులోనే. వాటిని కోకనీ అందురు.

సాకై రెండు మూడు కిలోలు తూగును. కోకనీ చాలాచోట్ల అరకిలోకు మించదు. మంచినీటిలో మేత తక్కువ గదా! గ్రుడ్లూ తక్కువే. రంగు మాట మాత్రము వేరు. గ్రుడ్లు పెట్టు కాలమున రెండూ ఎర్రబారును. ఆ ఎరుపు మేతనుండి రావలెను, సరస్సు మేతలో అది బహు కొంచెము. ఆ కొంచెమును ఒంట పట్టించుకొనుటలో కోకనీయే నేర్పరి. సాకై పిల్లలను సరస్సు మేత మీదనే పెంచి చూడగా, పెద్దవై ఆకుపచ్చగా తేలినవి! చిన్నదని చులకన చేయువారు ఇది గమనించవలెను.

కెనడా దేశములో అలూయెట్ నదికి 1920ల చివర ఆనకట్ట కట్టిరి. సాకై రాక ఆగిపోయెను. పైన సరస్సులో కోకనీలు మాత్రము మిగిలెను. 2005 వసంతకాలమున ఆనకట్ట పైనుండి నీరు వదలగా, వాటి పిల్లలు కొన్ని సముద్రమునకు సాగిపోయినవి. ఇన్ని తరముల తరువాత వాటికి దారి చూపినదెవరు? 2007లో అవి పెద్ద సాకైలై ఆనకట్ట క్రిందికి తిరిగి వచ్చినవి. గోడ ఎక్కలేవు గనుక మనుష్యులే పట్టి, బండిలో సరస్సుకు చేర్చిరి.