పాత పురుగుమందులు: ఇంటిలో పొంచియున్న ముప్పు

పంట ఇంటికి చేరిన పిమ్మట మిగిలిన పురుగుమందును వదులుకొనుటకు ఏ రైతుకును మనసొప్పదు. డబ్బు పోసి కొన్నది గదా, వచ్చే యేటికి పనికివచ్చునని మూత బిగించి అటక మీదనో, గాదె ప్రక్కనో, మంచము క్రిందనో ఉంచుట పరిపాటి. ఏడాది గడచును, రెండేళ్ళు గడచును. చీటీ చెదలు తినును, మూత తుప్పు పట్టును, లోపల ఏమున్నదో ఇంటిలో ఎవరికిని గుర్తుండదు. మందు మాత్రము తన పని తాను చేయుచునే యుండును. ముఖ్యముగా ఆవిరియై గాలిలో కలియు మందులు పాతబడినకొలది ఎట్లు ప్రమాదకరమగునో తెలిసికొనుట అవసరము.

ధాన్యములో వేయు బిళ్ళలు

వీటిలో మొదట చెప్పవలసినది అల్యూమినియం ఫాస్ఫైడ్. సెల్ఫాస్ మొదలగు పేర్లతో వచ్చిన బిళ్ళలు ఇవియే. బిళ్ళకు గాలిలోని తేమ తగిలినంతనే ఫాస్ఫీన్ అను విషవాయువు పుట్టును. 3 గ్రాముల బిళ్ళనుండి 1 గ్రాము వాయువు వెలువడును. 10 అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు గల గదిని మూసి యుంచినచో, ఒక్క బిళ్ళవలన పది లక్షల పాళ్ళ గాలిలో సుమారు 25 పాళ్ళ ఫాస్ఫీన్ చేరును. పనిచేయు చోట్ల 0.3 పాలు దాటరాదని ఒక ప్రమాణము. అనగా ఇది దానికి ఎనుబది రెట్లు! రెండు బిళ్ళలైనచో ప్రాణమునకే తక్షణ ప్రమాదము.

ఒకసారి తెరచిన డబ్బాను ఎంత బిగించినను వానకాలపు తేమ లోపలికి చేరుచునే యుండును. వాయువు డబ్బాలో నిండి యుండి, మూత తీయగానే ముఖమునకు కొట్టును. ఒక్కొక్కప్పుడు భగ్గున మండును కూడ. “బిళ్ళలు బూడిదయైనవి, ఇక భయము లేదు” అని కొందరందురు. ఇది పొరపాటు. ఆ బూడిదలో తేమ తగలని మందు ఇంకను మిగిలి యుండవచ్చును. వెల్లుల్లి వాసనో, కుళ్ళిన చేప వాసనో వచ్చినచో ఫాస్ఫీన్ ఉన్నదని అనుమానింపవలెను. వాసన లేనంత మాత్రమున వాయువు లేదని నమ్మరాదు. ఈ విషమునకు విరుగుడు మందు లేదు.

అందువలననే ఈ మందును ప్రభుత్వ సంస్థలకును, పురుగు నివారణ నిపుణులకును తప్ప అమ్మరాదని నిబంధన కలదు. 10, 20 బిళ్ళల గొట్టపు డబ్బాలను 2001లో నిషేధించిరి. అట్టి గొట్టము మీ ఇంటిలో కనబడినచో అది ఎంత పాతదో మీరే లెక్కించుకొనవచ్చును.

సీసాలలోని మందులు

డైక్లోర్వాస్ మామూలు వేడికే ఆవిరియగు మందు. దీనిని మన దేశములో 2020 డిసెంబరు 31 నుండి నిషేధించిరి. అయినను పాత సీసాలు కొన్ని ఇండ్లలో మిగిలి యుండవచ్చును. దీని ఆవిరి పీల్చినవారికి కంటిపాప చిన్నదగుట, నోట చొంగ, చెమట, ఊపిరాడకపోవుట కలుగును. ఇక నీటిలో కలిపి చల్లు అనేక ద్రవపు మందులలో మండు స్వభావముగల ద్రావకము ఉండును. మూత వదులైనచో దాని ఆవిరి గదిలో వ్యాపించును. ప్రక్కనే పొయ్యి యున్నచో చెప్పనక్కరలేదు.

గతము నేర్పిన పాఠములు

1958లో కేరళలో, ఆహార పదార్థములతో కలిపి రవాణా చేసిన పారథియాన్ కారి గోధుమపిండిలో కలియగా నూరుమందికి పైగా మరణించిరి. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టమునకు ఈ ఘోరము ఒక ముఖ్య కారణము. 2013 జూలైలో బీహారులోని గండామన్ గ్రామములో మోనోక్రోటోఫాస్ కలిసిన నూనెతో వండిన బడి భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయిరి. తినుబండారము, విషము ఒకేచోట చేరుటయే ఈ రెండింటికిని మూలము.

చేయవలసిన పనులు

1. పాత బిళ్ళల డబ్బాను తెరువరాదు, కదలింపరాదు. ఆ గది ఖాళీచేసి, పిల్లలను పశువులను దూరముగా నుంచి, మండల వ్యవసాయాధికారికి తెలియజేయవలెను.

2. బిళ్ళలపై నీళ్ళు పోయరాదు. నిప్పు అంటుకొన్నను నీరు వాడరాదు, పొడి ఇసుక చల్లవలెను. దూరముగా తొలగి అగ్నిమాపక దళమును పిలువవలెను.

3. ఏ మందునైనను కాలువలోను, చెరువులోను, పాత బావిలోను పారబోయరాదు. ఇంటి పెరటిలో కాల్చరాదు.

4. మందును కూల్‌డ్రింకు సీసాలలోనికి మార్చరాదు. చీటీ ఉన్న అసలు డబ్బాలోనే, నివాసమునకు దూరముగా తాళము వేసి ఉంచవలెను. ఖాళీ డబ్బాలలో నూనె, నీరు నింపరాదు.

5. వాయువు సోకినవారిని ఆరుబయటకు చేర్చి, బట్టలు విప్పించి, 108కి ఫోను చేయవలెను. గదిలో ఒకరు పడియున్నచో గాలి ఆడకముందే మరొకరు లోపలికి పరుగెత్తరాదు. మందు త్రాగినవారిచే వాంతి చేయింపరాదు. మందు పేరును వైద్యునకు చెప్పవలెను.

గ్రామాధికారులు వానలు మొదలగుటకు ముందే ఇంటింటికి వెళ్ళి పాత మందుల జాబితా వ్రాసికొని అధికారులకు పంపినచో ఎంతో మేలగును.

బిళ్ళలు లేకున్నను గింజ నిలువదా?

నిలుచును. ధాన్యమును 12 శాతము, అపరాలను 9 శాతము తేమకు దిగునట్లు బాగుగా ఎండబెట్టి, చల్లారిన తరువాత గాలి చొరని సంచులలో బిగించినచో లోపలి పురుగు ఊపిరాడక చచ్చును. కందిపప్పునకు ఆముదము పట్టించుట మన పెద్దలు ఎరిగిన ఉపాయమే. వచ్చే యేటికి కావలసినంత మందునే వచ్చే యేడే కొనుడు. మిగిలిన మందు ఆదా కాదు, ఇంటిలో దాచుకొన్న ఆపద.