రెండు ఆటలు, ఒకే క్రీడాకారుడు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• ఒక ఆటలో నేర్చిన నైపుణ్యం మరో ఆటకు ఎంతవరకు ఉపయోగపడుతుందో వివరించగలుగుతారు.
• రెండు ఆటల్లో రాణించే క్రీడాకారునికి కాలం ఎలా అడ్డుపడుతుందో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• కోటా రామస్వామి, ఎం.జె. గోపాలన్‌ల క్రీడాజీవితాలను పోల్చగలుగుతారు.

1. విషయ పరిచయం

హుజూర్‌నగర్‌లోనో, కోదాడలోనో పాఠశాల ఆటల పోటీలు జరిగే రోజు మైదానం దగ్గర కాసేపు నిలబడండి. ఉదయం కబడ్డీ కూతకు వెళ్లిన అమ్మాయే మధ్యాహ్నం ఖోఖో జట్టులో కనిపించడం వింతేమీ కాదు. చిన్న వయసులో చురుకైన పిల్లలు దొరికిన ఆటల్లా ఆడతారు. పెద్దయ్యేకొద్దీ "ఏదో ఒకటి ఎంచుకో" అన్న మాట ఇంట్లోనూ, బడిలోనూ మొదలవుతుంది. ఈ సలహా ఎప్పుడూ సరైనదేనా? రెండు ఆటల్లో దేశానికి ప్రాతినిధ్యం వహించినవారు ఎలా నెగ్గుకొచ్చారు? 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టులో అలాంటివారు ఇద్దరున్నారు. వారి అనుభవం ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

2. నైపుణ్య బదిలీ

ఒక ఆటలో అలవడిన సామర్థ్యం మరో ఆటలో ఉపయోగపడటాన్ని నైపుణ్య బదిలీ అంటారు. టెన్నిస్, క్రికెట్లను తీసుకుందాం. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బౌలరు చేతి నుంచి బ్యాటరును చేరడానికి పట్టే సమయం సుమారు అర సెకను. ఆ కొద్ది సమయంలోనే బంతి ఎక్కడ పడుతుందో, పడ్డాక ఎంత ఎత్తు లేస్తుందో అంచనా వేయాలి. అడుగు కదపాలి, బ్యాటు ఊపాలి. టెన్నిస్‌లో బలమైన సర్వీసును ఎదుర్కొనేవారి పని కూడా దాదాపు ఇంతే. బంతిని త్వరగా పసిగట్టే చూపు, పాదాల కదలిక, సరైన క్షణంలో కొట్టడం రెండు ఆటలకూ ఉమ్మడి.

అయితే అన్నీ బదిలీ కావు. టెన్నిస్‌లో ఒక పాయింటు పోతే మరుక్షణమే ఇంకో అవకాశం ఉంటుంది. క్రికెట్‌లో బ్యాటరు చేసిన ఒక్క పొరపాటుతో ఆ ఇన్నింగ్స్ ముగిసిపోవచ్చు. రాకెట్టు ఊపే తీరు వేరు, నిటారు బ్యాటుతో వికెట్టును కాపాడుకునే తీరు వేరు. కాబట్టి చూపు, వేగం వంటి మౌలిక సామర్థ్యాలు బదిలీ అవుతాయి కానీ, ఆటకు ప్రత్యేకమైన మెళకువలనూ, సహనాన్నీ మళ్లీ నేర్చుకోవాలి.

3. కోటా రామస్వామి: టెన్నిస్ నుంచి టెస్టు క్రికెట్ దాకా

రామస్వామి 1896 జూన్ 16న మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి బుచ్చిబాబు నాయుడు దక్షిణ భారత క్రికెట్ పితామహుడిగా పేరుపొందారు. మద్రాసు క్రికెట్ క్లబ్బులో ఐరోపావారికే ప్రవేశం ఉన్న కాలంలో, భారతీయులు ఆడుకోవడానికి ఆయన 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బును ప్రారంభించారు. రామస్వామి తల్లి తరఫు కుటుంబానికి దత్తత వెళ్లడం వల్ల ఆయన ఇంటిపేరు మారింది.

చదువుకోసం కేంబ్రిడ్జి వెళ్లిన రామస్వామి అక్కడ టెన్నిస్‌లో 'బ్లూ' పొందారు. విశ్వవిద్యాలయం తరఫున ఆడిన క్రీడాకారులకిచ్చే గౌరవమిది. 1922లో డేవిస్ కప్‌లో భారత జట్టుకు ఆడారు. భారతదేశం ఆ పోటీల్లో అడుగుపెట్టి అప్పటికి ఏడాదే అయింది. ఫైజీతో జతకట్టి డబుల్స్ ఆడిన రామస్వామి రుమేనియాపై గెలుపులో పాలుపంచుకున్నారు. తరువాత స్పెయిన్ చేతిలో భారత్ ఓడింది.

ఆ తరువాత పద్నాలుగేళ్లకు ఆయనకు టెస్టు క్రికెట్‌లో అవకాశం వచ్చింది. 1936లో 'విజ్జీ'గా పేరుపడ్డ విజయనగరం మహారాజకుమార్ నాయకత్వంలో భారత జట్టు ఇంగ్లండు వెళ్లింది. లార్డ్స్‌లో జరిగిన మొదటి టెస్టులో రామస్వామికి చోటు లేదు. మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో జులై 25న మొదలైన రెండో టెస్టులో ఆయన తొలిసారి ఆడారు. అప్పటికి వయసు నలభై దాటింది.

మొదటి ఇన్నింగ్స్‌లో భారత్ 203 పరుగులకే కుప్పకూలింది. అందులో రామస్వామివి 40. ఇంగ్లండు 8 వికెట్లకు 571 పరుగులు చేసి ఇన్నింగ్స్ డిక్లేర్ చేసింది. ఇన్నింగ్స్ ఓటమి తప్పించుకోవాలంటే భారత్‌కు 368 పరుగులు కావాలి. విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్టుకు 203 పరుగులు జోడించి గట్టి పునాది వేశారు. రామస్వామి 60 పరుగులు చేశారు. భారత్ 5 వికెట్లకు 390 పరుగులతో ఓటమి తప్పించుకుంది.

ఓవల్‌లో జరిగిన మూడో టెస్టులో భారత్ ఓడినా, రామస్వామి 29, 41 నాటౌట్ పరుగులు చేశారు. రెండు టెస్టుల్లో మొత్తం 170 పరుగులు, సగటు 56.66. భారత్ మళ్లీ టెస్టు ఆడింది పదేళ్ల తరువాత, 1946లో. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. అలా టెస్టు జీవితం రెండు మ్యాచ్‌లతోనే ముగిసింది.

1953లో వెస్టిండీస్‌లో పర్యటించిన భారత జట్టుకు ఆయన మేనేజరుగా వ్యవహరించారు. 1985 అక్టోబరులో, 89 ఏళ్ల వయసులో, మద్రాసులోని ఇంటి నుంచి బయటికి వెళ్లిన రామస్వామి తిరిగి రాలేదు.

4. ఎం.జె. గోపాలన్: ఒకే వేసవిలో రెండు పిలుపులు

మద్రాసుకే ఆడిన ఎం.జె. గోపాలన్ ఫాస్ట్ బౌలరు, హాకీలోనూ మేటి. 1934లో కలకత్తాలో ఇంగ్లండుపై టెస్టు ఆడారు. 1935లో ధ్యాన్‌చంద్‌తో కలిసి భారత హాకీ జట్టు తరఫున న్యూజిలాండ్ పర్యటించారు. మరుసటి ఏడాది సమస్య ఎదురైంది. బెర్లిన్ ఒలింపిక్స్, ఇంగ్లండు క్రికెట్ పర్యటన ఒకే వేసవిలో వచ్చాయి. గోపాలన్ హాకీ ఎంపిక పోటీలను వదులుకుని క్రికెట్ జట్టుతో బయలుదేరారు.

1936 ఆగస్టు 15న బెర్లిన్‌లో భారత హాకీ జట్టు జర్మనీని 8-1 తేడాతో ఓడించి స్వర్ణం గెలుచుకుంది. సరిగ్గా అదే రోజు ఓవల్‌లో మూడో టెస్టు మొదలైంది. ఆ టెస్టు జట్టులో రామస్వామి ఉన్నారు, గోపాలన్ లేరు. పర్యటనలోని మూడు టెస్టుల్లో ఒక్కదానిలోనూ ఆయనకు చోటు దక్కలేదు. మళ్లీ ఎప్పుడూ టెస్టు ఆడలేదు.

5. పోలిక

ఈ ఇద్దరి ఫలితాల్లో తేడాకు ప్రతిభ ఒక్కటే కారణమనలేం. రామస్వామికి టెన్నిస్ పిలుపు 1922లో, టెస్టు పిలుపు 1936లో వచ్చాయి. ఒకటి మరొకదానికి అడ్డురాలేదు. గోపాలన్‌కు రెండు పిలుపులూ ఒకేసారి వచ్చాయి. శరీరం రెండు ఆటలను మోయగలిగినా, ఒకే రోజున రెండు చోట్ల ఉండటం ఎవరికీ సాధ్యం కాదు. పైగా ఎంచుకున్న ఆటలో తుది జట్టులో చోటు ఇవ్వడం సెలెక్టర్ల చేతిలో ఉంది.

ఈ ఇబ్బంది నేటికీ తీరలేదు. ఆస్ట్రేలియాకు చెందిన ఎలిస్ పెర్రీ 2007లో పదహారేళ్ల వయసులోనే క్రికెట్, ఫుట్‌బాల్ రెండింటిలో దేశానికి ఆడింది. 2011 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో స్వీడన్‌పై గోల్ కూడా చేసింది. రెండు ఆటల సీజన్లూ పెరిగి ఒకదానిమీద ఒకటి పడటంతో చివరికి క్రికెట్‌కే పరిమితమైంది.

6. స్థానిక అన్వయం

మళ్లీ మన మైదానానికి వద్దాం. కబడ్డీ, ఖోఖో రెండింటిలోనూ దిశ మార్చుకుని తప్పించుకోవడం, ఊపిరి నిలుపుకోవడం అవసరం. కాబట్టి ఒకటి ఆడటం రెండోదానికి మేలే చేస్తుంది. అసలు చిక్కు ఎంపిక పోటీల తేదీల దగ్గర వస్తుంది. రెండు ఆటల జిల్లా ఎంపికలు సూర్యాపేటలో ఒకే రోజు పెడితే, ఆ అమ్మాయి ఒకదాన్ని వదులుకోక తప్పదు. తేదీలు వేరు చేస్తే ఆ నిర్ణయాన్ని మరికొన్నేళ్లు వాయిదా వేయవచ్చు. "ఏదో ఒకటి ఎంచుకో" అని పిల్లలకు చెప్పే ముందు, ఆ ఒత్తిడి ఆట నుంచి వస్తున్నదా, కాలపట్టిక నుంచి వస్తున్నదా అని పెద్దలు చూడాలి.

7. సారాంశం

మౌలిక సామర్థ్యాలు ఒక ఆట నుంచి మరో ఆటకు బదిలీ అవుతాయి, ప్రత్యేక మెళకువలు విడిగా నేర్చుకోవాలి. రెండు ఆటల క్రీడాజీవితం నిలబడటానికి ప్రతిభతోపాటు కాలం కలిసిరావాలి, నిర్వాహకులు సహకరించాలి. రామస్వామికి కాలం కలిసివచ్చింది, గోపాలన్‌కు కలిసిరాలేదు.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నైపుణ్య బదిలీ అంటే ఏమిటి? టెన్నిస్, క్రికెట్లలో ఉమ్మడిగా ఉన్న రెండు అంశాలు రాయండి.
2. 1936 ఆగస్టు 15 గోపాలన్ క్రీడాజీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఎందుకు ముఖ్యమైన తేదీ?
3. మీ ప్రాంతంలో పిల్లలు ఆడే రెండు ఆటలను తీసుకుని, వాటి మధ్య ఏవి బదిలీ అవుతాయో, ఏవి కావో పట్టిక రూపంలో చూపండి.
4. రెండు ఆటల్లో ప్రతిభ చూపే పదో తరగతి విద్యార్థినికి మీరు ఏ సలహా ఇస్తారు? పాఠంలోని ఉదాహరణలతో సమర్థించండి.