బడి మూతపడితే పిల్లల్ని చూసేదెవరు?



2020 మార్చి నెల మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా జబ్బు వచ్చింది. బడులకు తాళాలు పడ్డాయి. కొన్నాళ్లకు తెరుస్తారులే అనుకున్నాం. కానీ తెలంగాణలో ఐదో తరగతి లోపు పిల్లలకు 2021 సెప్టెంబరు దాకా బడి తెరవలేదు.

బడి అంటే చదువు ఒక్కటే కాదు. బడిలో పిల్లకు మధ్యాహ్నం అన్నం పెడతారు. రెండు రోజులు రాకపోతే "ఎందుకు రాలేదు?" అని పంతులమ్మ అడుగుతుంది. ఒంటి మీద దెబ్బ ఉంటే కనిపెడుతుంది. బడి మూస్తే ఆ అన్నం ఆగిపోతుంది. అడిగే మనిషి కూడా ఉండదు.

మరి ఆ పిల్లల మంచి చెడ్డలు ఎవరు చూడాలి?

అమెరికాలో ఇందుకోసం ఒక ఉద్యోగం ఉంది. ఆ పని చేసేవారిని స్కూల్ సోషల్ వర్కర్ అంటారు. 1906, 1907 సంవత్సరాల్లో న్యూయార్క్, బోస్టన్ పట్నాల్లో ఈ పని మొదలైంది. అప్పట్లో వాళ్లను "ఇంటికి వచ్చే పంతులమ్మ" అనేవారు. ఆమె పని పాఠం చెప్పడం కాదు. బడికీ ఇంటికీ మధ్య తిరుగుతూ, పిల్లల కష్టసుఖాలు కనుక్కోవడం.

కరోనా కాలంలో వీళ్లు ఏం చేశారు? ఫోన్ పాఠాలకు రాని పిల్లలు ఎవరో చూశారు. వాళ్ల ఇళ్లకు ఫోన్లు చేశారు. కొందరు ఇళ్లకే వెళ్లి, వాకిట్లో నిలబడి మాట్లాడారు. తిండి లేని ఇంటికి భోజనం అందేలా చూశారు. అయినవాళ్లు చనిపోయిన పిల్లలకు ధైర్యం చెప్పారు.

మన ఊరి బడుల్లో మామూలుగా ఈ ఉద్యోగం ఉండదు. ఆ పనిని పంతుళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు తలా కొంత చేశారు. టీవీలో పాఠాలు కూడా వచ్చాయి. టీవీ పాఠం చెబుతుంది గానీ, పిల్ల ఎక్కడుందని అడగదు. ఆ రోజుల్లో కొందరు పిల్లలు కూలికి పోయారు. కొందరు ఆడపిల్లలకు చిన్నతనంలోనే పెళ్లిళ్లు అయ్యాయి.

రేపు మరో జబ్బు రావచ్చు. బడి మూతపడవచ్చు. అప్పుడు మనం ఏం చేయాలి?

1. మన వీధిలో బడికి వెళ్లే పిల్లల పేర్లు రాసుకోవాలి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు కదా!

2. వారానికి ఒకసారి వాళ్లను పలకరించాలి. తిన్నారా, చదువుతున్నారా అని అడగాలి. జబ్బు ఉన్న ఇంట్లోకి వెళ్లకూడదు. ముక్కు, నోరు కప్పుకొని వాకిట్లో నుంచే మాట్లాడాలి.

3. 18 ఏళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరం. పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098 నంబరుకు ఫోన్ చేయాలి. దానికి డబ్బు కట్టనక్కర్లేదు.

4. బడి తెరిచాక పిల్లలందరూ వచ్చారో లేదో చూడాలి. రాని పిల్లను మళ్లీ చేర్పించాలి. 2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. మధ్యలో మానేసినా, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. టి.సి. ఆలస్యమైందని వెనక్కి పంపకూడదు.

మాట్లాడుకుందాం: మీ వీధిలో బడి మానేసిన పిల్లలు ఉన్నారా? వాళ్ల పేర్లు పలక మీద రాయండి. ఎవరింటికి ఎవరు వెళ్లాలో ఈ రోజే అనుకోండి.