ఏ దాల్చిన చెక్క?

దాల్చిన చెక్క షుగరును తగ్గిస్తుందా? అవుననే జవాబులూ దొరుకుతాయి, కాదనే జవాబులూ దొరుకుతాయి. ఆ వాదంలోకి దిగేముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఏ చెట్టు చెక్క? శ్రీలంకకు పేరు తెచ్చిన సినమోమమ్ వీరమ్ ఒక చెట్టు. చైనా కాసియా, ఇండొనేషియా బర్మానీ, వియత్నాం రకం వేరే చెట్లు. అన్నీ ఒకే ప్రజాతికి చెందినవే గాని, మందుగా ఒకటి కావు. అమెరికాలో వీటన్నిటి బెరడునూ సినమన్ అనే పేరుతోనే అమ్మవచ్చు. అక్కడి అంగళ్లలో దొరికే పొడి చాలావరకు కాసియా, దాని దగ్గరి రకాలదే. భారత ఆహార నిబంధనలు మాత్రం సినమన్‌కూ కాసియాకూ వేర్వేరు ప్రమాణాలు పెట్టాయి. మందుల ప్రమాణ గ్రంథమైన భారత ఆయుర్వేద ఫార్మకోపియాలో త్వక్కు అంటే సినమోమమ్ జైలానికమ్ లోపలి బెరడు. వీరమ్‌కు అది పాత పేరు. ఏ మొక్కో తేలకుండా ఒక బెరడును మందు అనడం నాకు సమ్మతం కాదు.

చెక్క చెక్కగా ఉన్నంతవరకు తేల్చడం కష్టమేమీ కాదు. శ్రీలంకలో పైబెరడు గీకేసి, లోపలి పల్చటి పొరలను ఒకదానిలో ఒకటి పెట్టి చుడతారు. చివర చూస్తే పొరలు పొరలుగా కనిపిస్తుంది, చేత్తో నలిపితే విరిగిపోతుంది. యూరోపియన్ ఫార్మకోపియా దాని మందం 0.2 నుంచి 0.8 మిల్లీమీటర్లంటుంది. కాసియా మందంగా, గట్టిగా, ఒకే పలకగా ఉంటుంది. పైబెరడు తరచు దాన్ని అంటుకునే ఉంటుంది. పొడి కొట్టాక ఈ గుర్తులేవీ కంటికి మిగలవు, మైక్రోస్కోప్ కావాలి. శ్రీలంక చెక్కలో పిండి రేణువులు సాధారణంగా 10 మైక్రాన్ల లోపే. కాసియాలో అంతకంటె పెద్దవి, సంఖ్యలోనూ ఎక్కువ. అయోడిన్ చుక్క వేస్తే కాసియా పొడి ముదురు నీలం తిరగడానికి కారణం అదే. అయితే గోధుమపిండి కల్తీ చేసినా నీలమే వస్తుంది కనుక అది తొలి సూచన మాత్రమే. ఇంతవరకూ జరిగింది గుర్తింపు. నాణ్యత వేరే సంగతి. నూనె తీసేసిన చెక్క కూడా చూపుకు అసలు చెక్కలాగే ఉంటుంది. అందుకే కిలో చెక్కలో కనీసం 12 మిల్లీలీటర్ల సుగంధ తైలం ఉండాలని యూరోపియన్ ఫార్మకోపియా పట్టుబడుతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే కౌమరిన్ వల్ల. కొందరిలో కాలేయాన్ని దెబ్బతీసే ఈ పదార్థం శ్రీలంక చెక్కలో లేశమాత్రం. కాసియా పొడిలో గ్రాముకు సుమారు 3 మిల్లీగ్రాములు ఉండవచ్చు. యూరప్ ఆహార భద్రతా సంస్థ రోజుకు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము దాటవద్దంది. అంటే 50 కిలోల మనిషికి 5 మిల్లీగ్రాములు. రెండు గ్రాముల కాసియాతోనే ఆ హద్దు దాటవచ్చు. ఇప్పుడు షుగరు ప్రయోగాలు చూడండి. 2003లో పాకిస్తాన్‌లో 60 మందిపై జరిగిన పరిశోధన రక్తంలో చక్కెర తగ్గిందని చెప్పి పేరు పొందింది. 2012లో, వైద్య ప్రయోగాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 10 ప్రయోగాలను, 577 మందిని కలిపి పరిశీలించి, వాడమని చెప్పడానికి ఆధారం చాలదంది. వాటిలో ఎక్కువగా ఇచ్చింది కాసియానే, సగటున రోజుకు 2 గ్రాములు. కాబట్టి ఆ ఫలితాలను శ్రీలంక చెక్కకు అంటగట్టలేము. కాసియానే రోజూ మింగుదామంటే కౌమరిన్ అడ్డు వస్తుంది.

మన పెద్దవాళ్లు ఇవేమీ కొలవకుండానే వాడలేదా అనవచ్చు. వాడారు, కాని పులావులో ఒక ముక్క వేసి తినేటప్పుడు పక్కన పెట్టేశారు. ఆయుర్వేదపు సితోపలాది చూర్ణంలోనూ పటికబెల్లం 16 భాగాలైతే త్వక్కు ఒక్క భాగమే. రోజుకు మూడు దాల్చిన చెక్క క్యాప్సూళ్లు మింగడానికి ఆ అలవాటు సాక్ష్యం కాదు. కాసియా నకిలీ సరుకా అంటే, కానే కాదు. చైనా వైద్యంలో దానికి సొంత చోటుంది, అక్కడ దాన్ని దాని పేరుతోనే కొలుస్తారు. వాసన చాలదా అంటే, చాలదు. రెండింటి వాసనకూ ప్రధాన కారణం సినమాల్డిహైడ్ అనే ఒకే పదార్థం. పైగా వాసన కల్తీని పట్టదు. 2023లో అమెరికాలో యాపిల్ గుజ్జు పొట్లాలు తిన్న పిల్లల రక్తంలో సీసం పెరగడానికి కారణం అందులో కలిపిన దాల్చిన పొడే.

వంటకు పొడి కాక చెక్కే కొనండి. మందుగా అమ్మే సీసా మీద మొక్క శాస్త్రీయ నామం లేకపోతే తిరిగి అరలో పెట్టేయండి. ఇంట్లో షుగరు ఉన్నవాళ్లు దీన్ని నమ్మి డాక్టరిచ్చిన మాత్రలు మానకుండా చూడండి.