సహారాలో ఎదిగి ఘనపూర్‌లో ఆగిన బండి

పాత వరంగల్ జిల్లాలో ఘనపూర్ పోతున్నానంటే, ఏ ఘనపూర్ అని ఎదుటివాళ్లు అడగక మానరు. సికింద్రాబాద్ – కాజీపేట రైలు దారిలో, 163వ జాతీయ రహదారి మీద ఉన్నది స్టేషన్ ఘనపూర్. ఇప్పుడది జనగామ జిల్లా. కోటగుళ్లు, చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీ ఉన్నది ములుగు ఘనపూర్. అది భూపాలపల్లి జిల్లాలోకి పోయింది. ఈ రెంటి చుట్టూ ఉండే దారుల్లో తారు ఎక్కడ ఆగి మొరం ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం. ఇలాంటి దారుల కోసమే పుట్టినట్టుండే బండ్లు కొన్నేళ్లుగా మన దేశంలో అమ్ముతున్నారు. ముందు 21 అంగుళాల సన్నని చక్రం, టైరుకు జానెడు ఎత్తున మడ్‌గార్డు, పొట్టివాడికి నడుము దాకా వచ్చే సీటు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, హీరో ఎక్స్‌పల్స్ లాంటివి. అడ్వెంచర్ బండి అంటారు. నడిచినంతసేపూ దానికి ఎదురులేదు. ఆగితేనే తంటా.

ఆగక తప్పదు కదా. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. మిగతా సగంలో వడ్లు కొనే ఐకేపీ సెంటరుకు పోయే ట్రాక్టర్ ఎదురొస్తుంది. బ్రేకు వేసి కాలు కింద పెట్టాలి. వడ్ల మీద పెడితే జారుతుంది. అటు పక్క పెడదామంటే మొరం అంచు తారు కన్నా బెత్తెడు కిందికి ఉంటుంది. 196 కిలోల హిమాలయన్ 450 మీద కూర్చున్న అయిదడుగుల అయిదంగుళాల మనిషికి ఆ బెత్తెడే పడటానికీ నిలబడటానికీ మధ్య తేడా. అందుకే కొన్న కొద్దిరోజులకే మెకానిక్ దగ్గరికి పోయి, ‘అన్నా, జర కిందికి దించరాదు?’ అంటారు.

దించవచ్చు. కానీ ఆ ఎత్తు షోకు కోసం పెట్టింది కాదు. అది ఎట్లా వచ్చిందో తెలిస్తే, దించినప్పుడు ఏం పోతుందో తెలుస్తుంది.

1970ల మొదట్లో, ఎగుడుదిగుడు మట్టి బాటల మీద మోటోక్రాస్ పందేలు ఆడే బండ్లకు కూడా వెనక చక్రం పైకీ కిందికీ ఆడే దూరం సుమారు నాలుగంగుళాలే. చక్రానికి అటొకటి, ఇటొకటి చొప్పున రెండు పొట్టి షాకప్‌లు ఉండేవి. బెల్జియంలోని లియేజ్‌లో ఇంజినీరింగ్ బోధించే లూసియన్ టిల్కెన్స్ తన కొడుకు పందేల్లో బండిని అదుపు చేయలేక అవస్థపడటం చూశాడు. రెండు పొట్టి షాకప్‌లు తీసేసి, ఒకే పొడవాటి షాకప్‌ను పెట్రోల్ ట్యాంకు కింద ఏటవాలుగా పడుకోబెట్టాడు. దాంతో చక్రానికి ఆడటానికి చోటు దొరికింది. సుజుకి దీన్ని పరీక్షించి వద్దనుకుంది. యమహా కొనుక్కుంది. 1973లో హాకన్ ఆండర్సన్ దీనితోనే యమహాకు 250 సీసీ ప్రపంచ మోటోక్రాస్ టైటిల్ తెచ్చిపెట్టాడు. ఆ తర్వాత కంపెనీలన్నీ పరుగందుకున్నాయి. దశాబ్దం తిరిగేసరికి చక్రం ఆడే దూరం దాదాపు మూడు రెట్లయింది. 1980, 81ల్లో కవాసకి, సుజుకి, హోండా ఇంకో అడుగు వేసి, షాకప్‌కూ చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య చిన్న చిన్న ఇనుప లింకులు పెట్టాయి. చిన్న గుంతకు మెత్తగా, పెద్ద గుంతకు గట్టిగా స్పందించేలా చూడటం ఆ లింకుల పని. వాటిని గుర్తుపెట్టుకోండి, మన మెకానిక్ ముందుగా చెయ్యి పెట్టేది వాటి మీదే.

పందెపు బండి ఊళ్లు దాటి దూరాలు పోవడం మొదలైంది సహారా వల్ల. 1978 డిసెంబర్ చివర్లో పారిస్‌లో బయలుదేరి సహారా దాటిన మొదటి డకార్ ర్యాలీని సిరిల్ నెవూ యమహా ఎక్స్‌టీ 500 మీద గెలిచాడు. బీఎండబ్ల్యూ 1980లో 797 సీసీ ఇంజిన్‌తో ఆర్ 80 జీ/ఎస్ తెచ్చింది. జీ/ఎస్ అంటే జర్మన్‌లో కచ్చా నేల, రోడ్డు అని. మరుసటి ఏడాదే హ్యూబర్ట్ ఓరియోల్ దాని మీద డకార్ గెలిచాడు. సీటు ఎత్తు 860 మిల్లీమీటర్లు. అప్పటి రోడ్డు బండ్ల పక్కన అది ఒంటెలా కనిపించి ఉండాలి. అడ్వెంచర్ బండ్ల వంశానికి మూలపురుషుడు అదే.

మన దగ్గరికి ఈ వంశం ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు మనవాళ్లు దూరాలు పోలేదని కాదు. విశాఖపట్నం మనిషి భరద్వాజ్ దయాల 2006లో మామూలు హీరో హోండా కరిజ్మా మీద ఒంటరిగా బయలుదేరి భూగోళం చుట్టివచ్చాడు. ఎత్తయిన బండి ఉంటేనే ప్రయాణం అనేవాళ్లకు అది చాలినంత జవాబు. 2016లో వచ్చిన 411 సీసీ హిమాలయన్ సీటు 800 మి.మీ. ఎత్తులో ఉండేది. 2023 నవంబర్‌లో వచ్చిన 450లో అది 825కు పెరిగింది. రెండు చక్రాలూ చెరో 200 మి.మీ. ఆడతాయి. బండి పొట్టకూ నేలకూ మధ్య ఖాళీ 230. ఎక్స్‌పల్స్ ప్రో రకం సీటయితే ఏకంగా 891.

ఈ అంకెలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. చక్రం 200 మి.మీ. పైకి రావాలంటే, అది పూర్తిగా పైకి వచ్చినప్పుడు కూడా ఇంజిన్ కింది రేకు నేలకు తగలకూడదు. 230 ఖాళీలోంచి ఆ 200 తీసేస్తే మిగిలేది నాలుగు వేళ్ల మందమైనా ఉండదు. దాని పైన ఇంజిన్, ఇంజిన్ పైన ఫ్రేము, ఫ్రేము పైన ఫోమ్. సీటు ఆ ఎత్తుకు పోక ఏం చేస్తుంది?

200 మిల్లీమీటర్లు ఏం కొనిపెడతాయో కూడా చూద్దాం. బండి అర మీటరు ఎత్తునుంచి కింద పడిందనుకోండి. ఆ ఊపునంతా షాకప్‌లు 200 మి.మీ. దూరంలో మింగితే, సగటున బరువుకు మూడున్నర రెట్ల బలం పడుతుంది. 170 మి.మీ.లోనే మింగాల్సివస్తే అది దాదాపు నాలుగు రెట్లు. ఆపే దూరం తగ్గినకొద్దీ దెబ్బ పెరుగుతుంది. ఆ దెబ్బ రిమ్ముకో, ఫ్రేముకో, నడిపేవాడి నడుముకో తగలాల్సిందే. ములుగు ఘనపూర్‌కు దగ్గర్లోనే ఉన్న రామప్ప గుడి, 1213 నాటిది, ఇసుక నింపిన పునాది మీద కట్టారంటారు, భూకంపం వస్తే ఆ ఇసుక ఊపును తాను తీసుకోవాలని. గుడి కదలదు కాబట్టి ఆ శిల్పులకు సీటు ఎత్తు బాధ లేదు.

ఇక కాలు అందడం సంగతి. 165 సెంటీమీటర్ల మనిషికి తొడల సందు నుంచి మడమ దాకా సుమారు 76 సెం.మీ. ఉంటుంది. బూట్లు మరో 3 ఇస్తాయి, మొత్తం 79. సీటు 82.5లో ఉన్నా మనిషి కూర్చోగానే స్ప్రింగులు కుంగి అది 78, 79కి దిగుతుంది. అంటే లెక్క ప్రకారం పాదాలు నేలకు ఆనాలి. కానీ ఆనవు, ఎందుకంటే కాళ్లు నిటారుగా దిగవు. సీటు వెడల్పు వాటిని పక్కలకు నెడుతుంది. చెరో 20 డిగ్రీలు వాలినా 79 సెం.మీ. కాలు కిందికి ఇచ్చేది 74 మాత్రమే. కాబట్టి మునివేళ్ల మీద నిలబడాలి. కంపెనీ కరపత్రంలో సీటు ఎత్తు వేస్తారు గానీ వెడల్పు వెయ్యరు. నా మటుకు నాకు రెండోదే ముఖ్యం. సీటు ముందు భాగంలో అంచుల ఫోమ్ చెక్కించి సన్నం చేస్తే, ఒక్క బోల్టు విప్పకుండా రెండు మూడు సెంటీమీటర్లు కలిసొస్తాయి.

పడిపోయేది ఎందుకో కూడా లెక్క కట్టవచ్చు. 196 కిలోల బండి 5 డిగ్రీలు ఒరిగితే, దాని గరిమనాభి దగ్గర పట్టి ఆపడానికి 17 కిలోల బలం చాలు. 20 డిగ్రీలు ఒరిగితే 67 కావాలి. పొడుగువాడు 5 దగ్గరే పట్టేస్తాడు. పొట్టివాడి కాలు నేలను తాకేసరికి 15 దాటుతుంది. బండిని 30 మి.మీ. దించితే బరువు కూడా కిందికి వస్తుంది గానీ, దానివల్ల ఒరిగే ఊపు అయిదు శాతానికి మించి తగ్గదు. దించాక బండి తేలికయిందని అందరూ అంటారు. తేలిక కాలేదు, కాలు ముందే అందుతోంది.

దించే పద్ధతుల్లో అందరికీ సులువుగా తోచేది స్ప్రింగు బిగువు తగ్గించడం. రూపాయి ఖర్చు లేదు. కానీ కూర్చోగానే బండి మరీ కుంగి, చక్రం ఆడే దూరంలో పెద్ద భాగం గుంత రాకముందే ఖర్చయిపోతుంది. మామూలుగా మూడో వంతు కుంగితే సరి. సగం కుంగిందంటే గుంతలో అడుగంటడం ఖాయం.

రెండోది బజారులో ఎక్కువగా నడిచేది, లింకులు మార్చడం. 1980ల్లో పందేల కోసం పుట్టిన ఆ ఇనుప ముక్కల స్థానంలో కాస్త పొడవైనవి బిగిస్తే చాలా బండ్లలో వెనక భాగం కిందికి దిగుతుంది. షాకప్ అదే, అది నడిచే దూరమూ అదే. కాబట్టి చక్రం ఆడే దూరం పెద్దగా తగ్గదు, బండి మెత్తగానే ఉంటుంది, కొన్నవాడు సంతోషిస్తాడు. చిక్కు చివర్లో ఉంది. షాకప్ పూర్తిగా మూసుకున్నప్పుడు చక్రం ఇదివరకటి కన్నా 30 మి.మీ. పైకి వస్తుంది. ఫ్యాక్టరీ వదిలిన ఆ 30 మి.మీ. ఖాళీ ఇక లేదు. వెనక ఒకరిని ఎక్కించుకుని స్పీడ్ బ్రేకర్ దూకితే టైరు మడ్‌గార్డును గీస్తుంది, లేదా ఇంజిన్ రేకు నేలను. పైగా లింకు మారితే షాకప్ మీద చక్రానికి ఉండే మీట బలం కూడా మారుతుంది. చాలా బండ్లలో స్ప్రింగు మునుపటి కన్నా మెత్తబడినట్టే పనిచేసి, ఆ అడుగంటడాన్ని ఇంకా తొందరగా తెస్తుంది.

మూడోది షాకప్ విప్పి లోపల స్పేసర్ వేసి, దాని నడకనే తగ్గించి, గట్టి స్ప్రింగు పెట్టడం. ఇందులో చక్రం ఆడే దూరం పోతుంది, కానీ అడుగున ఖాళీ పోదు. మడ్‌గార్డు, రేకు క్షేమం. పెద్ద కంపెనీలు ఫ్యాక్టరీలోనే ‘లో సస్పెన్షన్’ అని అమ్మే రకాల్లోనూ చక్రం ఆడే దూరం తగ్గుతుంది. ఖరీదు ఎక్కువ, చేయగలిగినవాళ్లు తక్కువ. అయినా దించక తప్పదంటే నేను దీనికే ఓటేస్తాను. ఏం పోయిందో ముందే తెలుస్తుంది. లింకు పద్ధతిలో పోయింది గుంతలో పడ్డాకే తెలుస్తుంది.

వెనక మాత్రమే దించి ముందు వదిలేసేవాళ్లు ఎక్కువ. హిమాలయన్ 450 చక్రాల మధ్య దూరం 1510 మి.మీ. వెనక 30 దిగితే బండి మొత్తం ఒక డిగ్రీకి పైగా వెనక్కి వాలుతుంది. ఒక డిగ్రీయే కదా అనిపిస్తుంది. కానీ హెడ్‌లైటు వెలుగు 30 మీటర్ల దూరంలో అరవై సెంటీమీటర్లు పైకి లేచి, ఎదురుగా వచ్చే బొగ్గు టిప్పర్ డ్రైవర్ కళ్లలో పడుతుంది. ముందు ఫోర్కు వాలు పెరిగి హ్యాండిల్ మలుపుకు బద్ధకిస్తుంది. అందుకని ఫోర్కు గొట్టాలను క్లాంపుల్లోంచి పైకి జరిపి ముందు కూడా దించాలి. అది కూడా ముందు మడ్‌గార్డుకు టైరు తగలదని చూసుకుని. చైను బిగువు మళ్లీ సరిచూడాలి. సైడ్ స్టాండ్ అట్లాగే వదిలితే పొడవు ఎక్కువై బండి దాదాపు నిటారుగా నిలబడుతుంది, గాలి తోస్తే అవతలి పక్కకు పడుతుంది. దాన్ని కోయించి వెల్డింగ్ చేయించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ చెప్పినవాటికి తేడా పడేలా బండిని మార్చకూడదంటుంది. పని మొదలుపెట్టకముందే ఆర్టీఏలోనూ ఇన్సూరెన్సు వాళ్లనూ అడగడం మంచిది.

ఈ చిక్కుకు మూలం ఒకటే. ఎత్తు కావలసింది బండి నడిచేటప్పుడు, వద్దనిపించేది ఆగినప్పుడు. యాభై ఏళ్లుగా ఇంజినీర్లు ఈ రెంటికీ కలిపి ఒకే అంకె వెతికారు. 2021లో హార్లీ డేవిడ్‌సన్ పాన్ అమెరికా ఆ అవసరం లేదని చూపించింది. ఆగబోతున్నామని సెన్సర్లు పసిగట్టగానే స్ప్రింగు బిగువు వదిలి సీటు ఒకటి రెండు అంగుళాలు కిందికి వస్తుంది, కదిలాక మళ్లీ లేస్తుంది. 2023లో బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్‌లోనూ, విడిగా డబ్బు కడితే, 30 మి.మీ. దిగే ఏర్పాటు వచ్చింది. జీ/ఎస్ మనవడు తాత ఎత్తును ఆగినచోట వదులుకున్నాడన్నమాట. మేడారం జాతరకు వాహనాలు అంగుళం అంగుళం జరిగే వరసలో అలాంటి బండి ఉంటే ఎంత సుఖమో! కానీ దాని ధర మన దగ్గర 20 లక్షల పైమాటే.

మూడు లక్షల బండి మీద తిరిగేవాడికి అంతకన్నా చవకైన దారులున్నాయి. హిమాలయన్ 450కి 805 మి.మీ. పొట్టి సీటును కంపెనీయే అమ్ముతుంది. ముందు అది వేసుకుని, బూటు అడుగు మందం చేయించి చూడాలి. రెండు కాళ్లూ ఒకేసారి నేలకు ఆనాలన్న పట్టుదల కూడా వదలాలి. పిరుదును ఒక పక్కకు నాలుగంగుళాలు జరిపితే ఆ పక్క పాదం పూర్తిగా ఆనుతుంది. ఏ పక్క అన్నది రోడ్డే చెబుతుంది. నీళ్లు పారడానికి రోడ్డును నడిమధ్య ఎత్తుగా, అంచులు పల్లంగా వేస్తారు. ఎడమ వైపు నడిపే మనకు ఎడమ కాలికి ఎప్పుడూ పల్లమే దొరుకుతుంది. కుడి కాలు దించితే నేల ఒకటి రెండు సెంటీమీటర్లు దగ్గర. కాకపోతే వెనక బ్రేకు కుడి కాలి కిందే ఉంటుంది, కాబట్టి ఆఖరి గజం ముందు బ్రేకుతోనే, హ్యాండిల్ తిన్నగా ఉంచి, మెల్లగా పట్టి ఆపాలి. హ్యాండిల్ తిరిగి ఉండగా గట్టిగా పట్టారో, 805 సీటయినా బండి పడుతుంది.