రాజకీయ చర్చలో మతం మాట వస్తే ఏం చేయాలి?

2023 మే 10న మనం కర్ణాటక శాసనసభకు ఓటు వేశాం. నవంబరు 30న కృష్ణ వంతెన అవతల తెలంగాణలో మన బంధువులు వేశారు. 2024 మే 7న రాయచూరు లోక్‌సభకు మళ్లీ మన వంతు. ఏడాది కాలంలో శక్తినగర్ తెలుగు ఇళ్లలో మూడు ఎన్నికల వేడి. రాజకీయం మాట్లాడుకోవద్దంటే కుదిరే పని కాదు. కానీ పార్టీ మీద మొదలైన మాట మతం మీదికి పోతే ఏమవుతుందో మన సంఘం చూసింది.

2024 ఏప్రిల్ 9, ఉగాది. పంచాంగ శ్రవణం అయ్యాక ఎవరు గెలుస్తారన్న మాట వచ్చింది. కాసేపటికి ఒక సభ్యుడు అభ్యర్థిని వదిలేసి, అతనికి ఓటేసేవాళ్ల ప్రార్థనలను ఎగతాళి చేశారు. ముప్పయ్యేళ్లుగా సంఘంలో ఉన్న ఒక క్రైస్తవ కుటుంబం భోజనానికి కూర్చోకుండా వెళ్లిపోయింది. అక్కడే ఉన్న మేమెవరం నోరు విప్పలేదు. అన్నవారిది ఎంత తప్పో, ఊరుకున్న మాదీ అంతే తప్పు. తరువాత కార్యవర్గం వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పింది. పెద్దాయన టీ ఇప్పించి, "పార్టీని తిట్టండి, నేనూ తిడతాను. మా ప్రార్థన ఏం చేసిందండీ మిమ్మల్ని?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

చట్టం ఏమంటుంది?

మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి రాజ్యాంగం 25వ అధికరణ హక్కు ఇచ్చింది. మాట్లాడే స్వేచ్ఛ 19వ అధికరణలో ఉంది. రెండూ అందరివీ. మత విశ్వాసాలను కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే మాత్రం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం మతం, కులం, భాష పేరుతో ఓటు అడగడం అవినీతి చర్య. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు 4–3 మెజారిటీతో తీర్పు చెప్పింది. భాష కూడా ఇందులో ఉందని గమనించాలి. "మనం తెలుగువాళ్లం, కాబట్టి ఫలానావారికే వేద్దాం" అని ఏ అభ్యర్థి అడిగినా అదే తప్పు.

గాంధీ, గోరా

మాటకు మాట చెప్పుకుంటూనే మర్యాద నిలుపుకున్నవారు మన తెలుగువారిలోనే ఉన్నారు. గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. స్వాతంత్ర్యోద్యమంలోనూ ఉన్నారు. 1944లో సేవాగ్రాం వెళ్లి గాంధీజీని కలిశారు. ఒకరు రామనామం జపించేవారు, ఇంకొకరు దేవుడే లేడనేవారు. చాలాసార్లు వాదించుకున్నారు. ఎవరూ ఎవరినీ మార్చలేదు. అంటరానితనం పోవాలన్న పనిలో మాత్రం ఒక్కటయ్యారు.

గోరా కుమార్తె మనోరమకు, దళిత యువకుడు అర్జునరావుకు ఆశ్రమంలో పెళ్లి చేయడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి బదులు సత్యం పేరు చెప్పించడానికీ సమ్మతించారు. ఆయన హత్య తరువాత, 1948 మార్చిలో, సేవాగ్రాంలోనే ఆ పెళ్లి జరిగింది. గాంధీజీ తన నమ్మకం వదులుకోలేదు, గోరాను వదులుకోమనలేదు. ఇద్దరికీ సరిపోయే మాట వెతికారు.

సంఘంలో ఇప్పుడు పాటిస్తున్నవి

1. ప్రభుత్వం, పార్టీ, నాయకుడు చేసిన పనిని ఎంతైనా విమర్శించవచ్చు. ఓటరు పూజను, నమాజును, ప్రార్థనను మధ్యకు తేకూడదు.

2. గుడి భూములు, వక్ఫ్, మత మార్పిడి వంటివి రాజకీయ విషయాలే. మాట్లాడవచ్చు. "మీవాళ్లు ఇంతే" అనకూడదు. చేసిన పని చెప్పాలి.

3. ఆ మతంవారు ఎదురుగా ఉంటే అనలేని మాట, వారు లేనప్పుడూ అనకూడదు.

4. మాట తప్పితే పక్కన కూర్చున్నవారే వెంటనే ఆపాలి. కార్యదర్శి వచ్చేదాకా చూడకూడదు.

5. అన్నవారిని నలుగురిలో అవమానించకుండా, విడిగా కూర్చోబెట్టి చెప్పాలి. నొచ్చుకున్నవారి ఇంటికి ముందుగా మనమే వెళ్లాలి.

విద్యుత్ కేంద్రం పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఈ ఊరివాళ్లమయ్యాం. ఆ రోజుల్లో చావుకైనా పెళ్లికైనా పక్క క్వార్టర్సువారే చుట్టాలు. వారిది ఏ మతమని ఎవరూ అడగలేదు.

2025 ఉగాదికి ఆ కుటుంబంలో పిల్లలు వచ్చారు, పెద్దాయన రాలేదు. వచ్చే ఉగాదికి మళ్లీ పిలుస్తాం. ఆరోజు అక్కడ ఉన్న సభ్యులు మాతో పాటు వాళ్లింటికి రావలసిందిగా మనవి.