ప్లాస్టిక్‌కు తగిన పట్టు

మిల్లింగ్ యంత్రంలో కట్టర్ తిరుగుతూ దిమ్మెను చెక్కుతుంది. దిమ్మె కదలకుండా దానిని వైస్ దవడల మధ్య బిగిస్తారు. అయితే నైలాన్ దిమ్మెను ఉక్కు దిమ్మెను బిగించినట్లు బిగించరాదు. ఉక్కు యంగ్ గుణకం సుమారు 200 గిగాపాస్కల్‌లు. నైలాన్‌ది సుమారు 3 మాత్రమే. అందువల్ల అధిక ఒత్తిడికి నైలాన్ ఉబుకుతుంది. ఆ స్థితిలో చదునుగా చెక్కిన తలం, వైస్ వదులు చేయగానే గుంటగా మారుతుంది.

పట్టు చాలకపోతే మరింత ప్రమాదం: కట్టర్ దిమ్మెను పెకలించి విసిరివేస్తుంది, పనివారు గాయపడవచ్చు.

కాబట్టి దిమ్మె ఆకృతికి సరిపోయేలా మలచిన అల్యూమినియం దవడలను అమర్చి, దిమ్మెను వీలైనంత లోతుగా కూర్చోబెట్టాలి. తాకే వైశాల్యం పెరిగితే ఒత్తిడి ఒకేచోట పడక సమంగా వ్యాపిస్తుంది. పదునైన కట్టర్‌తో పలుచని పొరలుగా చెక్కాలి. రక్షణ కళ్ళద్దాలు ధరించాలి. యంత్రం పూర్తిగా ఆగిన తరువాతనే దిమ్మెను తాకాలి.